లేబుల్ ఉంది, సీసా లేదు

"చచ్చిపోయిన జంతువుల్ని చూడ్డానికి సెలవు రోజు పొద్దున్నే లేచి రైలెక్కాలా?" అని అడిగింది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే బయట వాన, ఇంట్లో స్కూలు సెలవులిచ్చిన పదేళ్ళ కూతురు. పైగా ప్రవేశం ఉచితం. ఈ మూడు కారణాలూ కలిస్తే తెలుగువాడు ఎక్కడికైనా వెళ్తాడు :)

మేముండేది మిల్టన్ కీన్స్‌లో. ఇరవయ్యేళ్ళ కిందట "మూడు నెలలు ఆన్‌సైట్" అని మేనేజరు చెబితే రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్, ఐదు కిలోల పచ్చళ్ళతో దిగాను. ఆ మూడు నెలలు ఇంకా పూర్తవలేదు. లండన్ వెళ్ళే రైల్లో ట్రింగ్ అనే స్టేషను పేరు కొన్ని వందలసార్లు చదివుంటాను గానీ ఎప్పుడూ దిగలేదు. మొన్న మొదటిసారి దిగాం. స్టేషను నుంచి ఊళ్ళోకి దాదాపు రెండు మైళ్ళు ఉందన్న సంగతి దిగాక తెలిసింది. మా ఆవిడ చూపుల గురించి ఇక్కడ రాయను.

ఆ ఊళ్ళో ఉన్నది లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళ శాఖ. దాని కథ తమాషాగా ఉంటుంది. వాల్టర్ రాత్‌షీల్డ్ అని ఒక పెద్దింటి అబ్బాయి. కుటుంబానిది బ్యాంకు వ్యాపారం, ఈయనకేమో జంతువుల పిచ్చి. ఇరవై ఒకటో పుట్టినరోజుకి వాళ్ళ నాన్న ఏకంగా ఒక మ్యూజియమే కట్టించి ఇచ్చాడు, 1889లో. (మన ఇళ్ళల్లో ఆ వయసుకి మహా అయితే హీరో హోండా!) 1892లో దాన్ని జనానికి తెరిచారు. ఈయన జీబ్రాలని బండికి కట్టి బకింగ్‌హామ్ ప్యాలెస్ దాకా తోలుకెళ్ళిన ఘనుడు. 1937లో చనిపోతూ మొత్తం దేశానికి రాసిచ్చి పోయాడు.

లోపలికి వెళ్తే నేల నుంచి కప్పు దాకా చెక్క, గాజు బీరువాలు. వాటి నిండా జంతువులు. ధృవపు ఎలుగుబంటి, గొరిల్లాలు, ఖడ్గమృగం, తాబేళ్ళు, మొసళ్ళు. ఒక పక్కన కుక్కల జాతులన్నీ వరసగా ఉన్నాయి. వాటిలో మిక్ ద మిల్లర్ అనే రేసు కుక్క కూడా ఉంది, 1929లోనూ 1930లోనూ ఇంగ్లీష్ గ్రేహౌండ్ డెర్బీ గెలిచిన స్టారు. ఇంకోచోట మెక్సికో నుంచి తెచ్చిన గౌనులు తొడిగిన నల్లులాంటి పురుగులు, భూతద్దంలో చూడాలి. (తర్వాత చదివితే అవి నల్లులు కాదు, ఫ్లీ అనే పురుగులు.) మా అమ్మాయి అక్కడే పావుగంట నిలబడిపోయింది.

ఆ తర్వాత క్వాగా దగ్గరికొచ్చాం. ముందు సగం జీబ్రా చారలు, వెనక సగం గుర్రంలా గోధుమరంగు. ప్రపంచంలో ఆఖరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. ఇంకో బీరువాలో టాస్మేనియా పులి. దాని ఆఖరిది 1936లో పోయింది. అక్కడ మా అమ్మాయి, బీరువాలోని అద్దం కళ్ళకేసి చూస్తూ అడిగింది:

"నాన్నా, వీటన్నిటినీ ఎవరు చంపారు?"

నేను యథాప్రకారం, "అప్పట్లో అలా ఉండేదమ్మా, సైన్సు కోసం..." అని నసిగాను. అది నమ్మలేదు. నేనూ నమ్మలేదనుకోండి. ఆ నసుగుడికి బదులు ఏం చెప్పాల్సింది అని ఇంటికొచ్చాక ఆలోచిస్తే వచ్చిందే ఈ టపా.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పేసుకుందాం. సైన్సు కోసమే అన్నది సగం నిజం. మిగతా సగం మోజు, గొప్ప, పోటీ. గ్రేట్ ఆక్ అనే ఎగరలేని పక్షి ఉండేది. దాని ఆఖరి జంటని 1844లో ఐస్‌లాండ్ దగ్గర ఒక దీవిలో చంపేశారు. ఎందుకయ్యా అంటే, అరుదైపోతోంది కాబట్టి సేకరించేవాళ్ళకి దాని మీద మోజు పెరిగి! అరుదు కాబట్టి చంపడం, చంపారు కాబట్టి అసలే లేకపోవడం. దీన్ని సమర్థించే ఓపిక నాకు లేదు.

కానీ అక్కడితో ఆగి "అయితే ఈ మ్యూజియంలన్నీ దండగ, మూసేసి నాలుగు డాక్యుమెంటరీలు చూపిస్తే సరిపోతుంది" అంటేనే నాకు ఇబ్బంది. మన ఐటీ జనాల్లో ఈ మాట ఎక్కువ వింటుంటాను. ఫోర్‌కే వీడియో ఉంది, త్రీడీ ఉంది, వీఆర్ ఉంది, ఇంకా ఈ దుమ్ము కొట్టుకుపోయిన చర్మాలెందుకు అని.

మనకి అర్థమయ్యే భాషలోనే చెప్తాను. ప్రొడక్షన్‌లో ఏదో బద్దలవుతుంది. ఎప్పటినుంచి ఇలా ఉందో ఎవరికీ తెలీదు. అప్పుడు పాత లాగ్స్ కావాలి. తీరా చూస్తే "స్టోరేజి ఖర్చు తగ్గించాలి" అని ఎవరో మహానుభావుడు వాటిని తుడిచేసి, నెలకో సమ్మరీ మాత్రం ఉంచి ఉంటాడు. ఆ సమ్మరీలో ఏముంటుంది? అప్పట్లో ముఖ్యం అనుకున్నవి ఉంటాయి. ఇప్పుడు మనకి కావాల్సింది మాత్రం ఉండదు. ఫోటో, వీడియో కూడా సమ్మరీలే. అసలు వస్తువు రా డేటా. రేపు ఏ ప్రశ్న అడుగుతామో ఇవాళ తెలియదు కాబట్టే రా డేటా ఉంచుకోవాలి.

ఊరికే ఉపమానం కాదు, జరిగిన సంగతులే చెప్తాను.

ఇంగ్లండులో పక్షుల గుడ్లు దొంగిలించి దాచుకోవడం ఒకప్పుడు పెద్ద హాబీ. 1954లో చట్టం చేసి ఆపారు. పరమ పనికిమాలిన హాబీ అనే అనుకుంటాం. కానీ తర్వాత పెరిగ్రిన్ అనే డేగల గూళ్ళలో గుడ్లు పగిలిపోతుంటే, డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ఆయన ఆ పాత గుడ్డు పెంకుల్ని తూచి, కొలిచి చూశాడు. 1940ల చివరి నుంచి పెంకులు హఠాత్తుగా పలచబడ్డాయి. సరిగ్గా పొలాల్లో డీడీటీ వాడకం మొదలైన కాలం. ఆ పేపరు 1967లో 'నేచర్' పత్రికలో వచ్చింది. డీడీటీకి వ్యతిరేకంగా నిలబడ్డ గట్టి సాక్ష్యాల్లో అదొకటి. అమెరికా 1972లో దాన్ని నిషేధించింది. ఆ గుడ్లు ఏరిన పిల్లవాడికి 1910లో డీడీటీ అంటే తెలుసా? అప్పటికి ఆ మందు వాడకంలోకే రాలేదు. వాడు చేసిన మంచి పని ఒకటే, పెంకు మీద తేదీ, చోటు రాయడం.

ఇంకోటి. షికాగోలో ఫీల్డ్ మ్యూజియం ఉంది. అక్కడ సీసాల్లో 1900 నుంచీ దాచిన మంచినీటి చేపలున్నాయి. 2021లో వాటి పేగుల్లో ప్లాస్టిక్ నలుసుల కోసం వెతికారు. శతాబ్దం మొదటి సగంలో పట్టిన చేపల్లో ఏమీ లేదు. 1950ల నుంచి మొదలై పెరుగుతూ పోయింది. ఏ కెమెరా పట్టుకోగలదు దీన్ని? చేప పొట్టని ఫోటో తీస్తే పేగులు కనబడవు కదా.

రెండు ఉదాహరణల్లోనూ కీలకం లేబుల్. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు. ట్రింగ్‌లోనే దీనికి చేదు అనుభవం ఉంది. అక్కడ జనానికి చూపించే గ్యాలరీలు కాక, పరిశోధకుల కోసం ఏడు లక్షలకి పైగా పక్షి చర్మాలు సొరుగుల్లో ఉంటాయి. 2009 జూన్‌లో ఒక సంగీత విద్యార్థి రాత్రిపూట కిటికీలోంచి దూరి, సూట్‌కేసు నిండా 299 పక్షుల్ని పట్టుకుపోయాడు. ఎందుకంటే చేపలు పట్టే గాలాలకి అలంకారంగా ఈకలు కట్టే పిచ్చోళ్ళున్నారట, వాళ్ళకి అమ్మడానికి! వాటిల్లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ స్వయంగా సేకరించినవి కూడా ఉన్నాయి. దొరికాక చూస్తే పూర్తిగా ఉన్న పక్షులు 174, అందులో లేబుల్ మిగిలినవి వంద చిల్లర. లేబుల్ కత్తిరించేసిన పక్షి రంగులో, ఈకల్లో ఏ తేడా లేకపోయినా శాస్త్రానికి దాదాపు పనికిరాదు. ప్రైమరీ కీ పోయిన రికార్డు అన్నమాట.

ఇప్పుడు మనూరి సంగతికొస్తాను. మాది కడప జిల్లా. కలివికోడి పేరు మీలో కొందరు వినే ఉంటారు. రాత్రిపూట ముళ్ళపొదల మధ్య తిరిగే చిన్న పక్షి. ఇంగ్లీషువాళ్ళు జెర్డాన్స్ కోర్సర్ అంటారు. నెల్లూరులో సర్జన్‌గా చేసిన జెర్డాన్ దొర పేరు మీద. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయింది అనేసుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఆయన రాత్రి టార్చిలైటు వేసి పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ దాన్ని గుర్తుపట్టారు. ఆ పక్షి బతకలేదు, ముంబైలో సొసైటీ వాళ్ళ దగ్గర స్పెసిమెన్‌గా ఉంది. కానీ దాని పుణ్యమా అని 1988లో లంకమల అభయారణ్యం వచ్చింది, తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. మళ్ళీ చాలా ఏళ్ళు ఎవరికీ జాడ తెలియలేదు, 2025 ఆగస్టులో దాని కూత రికార్డు చేశారు.

ఈ పక్షి గుడ్డు ఎలా ఉంటుందో ఒకప్పుడు ఎవరికీ తెలిసేది కాదు. స్కాట్లండులో అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో పాత గుడ్ల పెట్టెలో ఒకటి బయటపడింది, 1917లో కోలారు వైపు సేకరించింది. అది నిజంగా కలివికోడిదేనా? తేల్చింది ఎలాగంటే, ట్రింగ్‌లో ఉన్న పాత కలివికోడి చర్మం కాలి నుంచి చిటికెడు ముక్క తీసి, గుడ్డు డీఎన్ఏతో పోల్చారు. రెండూ సరిపోయాయి. 2013లో ప్రకటించారు. ప్రపంచంలో తెలిసిన కలివికోడి గుడ్డు అదొక్కటే.

అంటే నేను టాస్మేనియా పులి ముందు నిలబడి నసుగుతున్నప్పుడు, ఆ ఆవరణలోనే ఎక్కడో ఒక సొరుగులో మా వైపు పక్షి పడుకుని ఉంది. మామూలు సందర్శకులకి చూపించరు. బయటికొచ్చేటప్పుడు ఆ భవనం వైపు ఒకసారి చూశాను, అంతే.

"మన పక్షి వాళ్ళ దగ్గరెందుకుండాలి?" అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. చాలా సేపు కోపంగా కూడా అనిపించింది. తర్వాత మా నాయన గుర్తొచ్చాడు, కోపం కాస్తా దిగిపోయింది.

మా నాయన ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ ల్యాబ్ అసిస్టెంటు. ఏ కాలేజీ అన్నది అప్రస్తుతం. ఆ ల్యాబులో మూడు గోడలకి బీరువాలు, వాటిలో సీసాలు. కట్లపాము, తేళ్ళు, గబ్బిలం, ఉడుము పిల్ల, సొరచేప పిల్ల, పేరు తెలియని చేపలు బోలెడు. వేసవి సెలవుల్లో నాయన ఒక్కో సీసా మూత తీసి, తగ్గిన ఫార్మలిన్ పోసి, మైనంతో సీలు వేసేవాడు. ఆ ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారేవి. నేను పక్కన కూచుని నంబర్లు చదివితే ఆయన రిజిస్టర్‌లో టిక్కు పెట్టుకునేవాడు. లేబుళ్ళు ఇండియన్ ఇంకుతో ఆయనే రాసేవాడు, గుండ్రటి అక్షరాలు. "పెన్నేరు, సిద్ధవటం దగ్గర, 1974 ఆగస్టు." ఇలా. కలివికోడి దొరికిందని పేపర్లో వస్తే ఆ ముక్క కత్తిరించి ల్యాబ్ తలుపు మీద అంటించాడు.

కాలం మారింది. జువాలజీలో చేరేవాళ్ళు తగ్గిపోయారు. అందరికీ కంప్యూటర్లు కావాలి. నాక్కూడా! నేను ఎంసీఏ చేసి మీలో ఒకడినయ్యాను. నాయన రిటైరయిన రెండు మూడేళ్ళకి కాలేజీవాళ్ళు ఆ గది ఖాళీ చేసి ఏసీలు పెట్టి కంప్యూటర్ ల్యాబ్ చేశారు. ఆ రోజు నాయన ఫోన్ చేశాడు. నేను రిలీజ్ కాల్‌లో ఉన్నాను, మ్యూట్‌లో పెట్టి ఎత్తాను.

"అబ్బాయ్, సీసాలన్నీ బైట పారేస్తాండారు రా. గుంత తవ్వి పోస్తాండారు."

"పాత సామాన్లే కదా నాయనా. ఎప్పటివో అవి. పోనీలే."

కాసేపు ఏమీ అనలేదు. "రిజిస్టర్ ఒకటి నేను తెచ్చుకున్యా" అన్నాడు.

"అదెందుకింక?"

"ఏమోలే. రాసిందంతా నేనే గదా" అని పెట్టేశాడు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. రిజిస్టర్ ఇప్పటికీ ఊళ్ళో ట్రంకు పెట్టెలో ఉంది. ట్రింగ్‌లో ఆ దొంగ చేతిలో పడ్డవి లేబుళ్ళు లేని పక్షులు. మా ఇంట్లో ఉన్నవి సీసాలు లేని లేబుళ్ళు.

పెన్నేటి చేపలో 1974లో ప్లాస్టిక్ ఉందా లేదా? ఆ చేప పెన్నేట్లో ఇప్పటికీ ఉందా, పోయిందా? పోయుంటే ఏ పొడుగు పెరిగేది, ఏం తినేది? చెప్పగలిగిన సాక్షుల్లో ఒకటి ఆ సీసా. ఫార్మలిన్‌లో ఉన్నదాన్నుంచి డీఎన్ఏ తీయడం కష్టమే గానీ, పేగులు కోసి చూడటానికి అడ్డమేమీ లేదు. షికాగో వాళ్ళు చేసింది అదే. తేడా ఏంటంటే వాళ్ళు పారెయ్యలేదు.

కాబట్టి "ఇంగ్లీషోడు ఎత్తుకుపోయాడు" అన్న మాటలో నిజముంది, దాన్ని నేను కాదనను. కానీ మన చేతిలో ఉన్నవాటిని మనమే గుంతలో పోసుకున్న సంగతి కూడా ఆ పక్కనే రాసుకోవాలి. మనకి దాచడం చేతకాదు అని కూడా ఒప్పుకోను. ముంబైలో ఆ కలివికోడి ఉందిగా. 1916లో పెట్టిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఇప్పటికీ లక్షల స్పెసిమెన్లు కాపాడుతోంది. చేతకాక కాదు, అక్కర్లేదనుకోవడం వల్ల పోతున్నాయి. నాకు అక్కర్లేదనిపించినట్టే.

అక్కర్లేదనుకుంటే ఏమవుతుందో రెండుసార్లు లోకమంతా చూసింది. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలో మన జాతీయ నేచురల్ హిస్టరీ మ్యూజియం, 1978లో తెరిచింది, ఒక్క రాత్రిలో కాలిపోయింది. 2018 సెప్టెంబరులో రియో డి జనీరోలో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయింది. రెండు కోట్ల వస్తువుల్లో చాలా భాగం బూడిద. బ్యాకప్ లేని సర్వర్ క్రాష్ అయితే మనం ఆర్నెల్లు పోస్ట్‌మార్టం మీటింగులు పెడతాం. ఢిల్లీ అగ్నిప్రమాదం గురించి మన ఆఫీసుల్లో టీ దగ్గరైనా ఎవరైనా మాట్లాడుకున్నారా? నేనైతే మాట్లాడలేదు.

నా అభిప్రాయం ఇంతే. ఆ జంతువుల్ని మోజు కోసం చంపడం తప్పు. చంపాక పారెయ్యడం రెండో తప్పు, మొదటి దాన్ని పూర్తిగా దండగ చేసే తప్పు. కొత్తగా చంపమని ఎవరూ అనడం లేదు. ఉన్నవాటిని ఉంచమనడమే.

మనలాంటివాళ్ళం చెయ్యగలిగిందీ ఉంది. మీరు చదివిన కాలేజీకి పూర్వ విద్యార్థులుగా ప్రొజెక్టరో, పాతిక కంప్యూటర్లో ఇస్తుంటారు. మంచిదే. ఈసారి వెళ్ళినప్పుడు జువాలజీ, బోటనీ గదులు కూడా ఒకసారి తలుపు తీయించండి. సీసాలుంటే లేబుళ్ళకి ఫోన్‌తోనే ఫోటోలు తీసి, ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి ప్రిన్సిపాల్ గారికివ్వండి. నాలుగు గంటల పని. మనం వారానికి రెండు చొప్పున తయారుచేసే పనికిరాని స్ప్రెడ్‌షీట్ల కన్నా ఇది మేలు. జాబితా ఉంటే పారేసేవాడి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. గది ఖాళీ చేస్తున్నారని తెలిస్తే, గుంత తవ్వకముందే దగ్గర్లోని యూనివర్సిటీనో, జువలాజికల్ సర్వేనో అడగమనండి.

నేను డిసెంబరులో ఊరికెళ్తున్నాను. ఆ రిజిస్టర్ ప్రతి పేజీ స్కాన్ చేస్తాను. సీసాలు రావు, తెలుసు. కనీసం ఫలానా ఏడు ఫలానా చోట ఫలానా చేప ఉండేదని రాసినవాడి మాటైనా మిగులుతుంది.

మా అమ్మాయికి చెప్పాల్సిన జవాబు కూడా నిన్న రాత్రి చెప్పాను. "మనుషులే చంపారు, చాలాసార్లు అక్కర్లేకుండానే చంపారు, అందుకే వాటిని జాగ్రత్తగా ఉంచాలి" అని. కాసేపు ఆలోచించి, బీచ్‌లో ఏరుకున్న గవ్వల డబ్బా పట్టుకొచ్చింది. ఏది ఎక్కడ దొరికిందో రాద్దామంది. ఇద్దరం కూచున్నాం. పాతికలో పదకొండు ఎక్కడివో గుర్తులేదు.